కస్టమర్‌ని ఏమని పిలవాలి? పాలమూరు, నల్గొండ సపోర్ట్ సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

దేవరకొండ వైపు ఒక బత్తాయి రైతు డ్రిప్ కంపెనీకి ఫోన్ చేశాడనుకోండి. మోటారు నడుస్తోంది, పైపుల్లోకి నీళ్ళు రావట్లేదు, తోట వాడిపోతోంది. అవతల నుంచి "మీ విలువైన కాల్‌కు ధన్యవాదాలు, మీకు నేను ఏ విధంగా సహాయపడగలను?" అని వినిపిస్తుంది. ఆయన ఒక్క క్షణం ఆగి "మాట్లాడేది మనిషేనా, రికార్డా?" అంటాడు. అదే రోజు జడ్చర్లలో ఒక కౌంటర్ దగ్గర కుర్రాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఏం గావాలె, చెప్పు" అంటాడు. మొదటి చోట మర్యాద ఉంది, మనిషి కనిపించడు. రెండో చోట మనిషి ఉన్నాడు, మర్యాద లేదు.

ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో చెప్పేదే ఈ మార్గదర్శి. కేబుల్ నెట్ ఆఫీసు, ట్రాక్టర్ షోరూం సర్వీస్ డెస్క్, గ్యాస్ ఏజెన్సీ, గోల్డ్ లోన్ బ్రాంచి, విత్తనాల డీలర్, మీసేవ, ఆసుపత్రి రిసెప్షన్ లాంటి చోట్ల పనిచేసేవాళ్ళను, వాళ్ళతో పని చేయించే యజమానులను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలోనూ, నల్గొండలోనూ 2023లో ఐటీ టవర్లు మొదలయ్యాయి. మన పిల్లలు మన జిల్లాలోనే కూర్చుని ఫోన్ ఎత్తే ఉద్యోగాలు ఇంకా పెరిగితే ఈ విషయం ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ట్రైనింగ్ కాగితాలు మాత్రం ఎక్కడో పెద్ద నగరంలో తయారై వస్తాయి. వాటిలో మన ఊరి కస్టమర్ ఉండడు.

నా లెక్క ఇది: మర్యాద ఎంత ఉండాలో మీరు కూర్చున్న కుర్చీ నిర్ణయిస్తుంది, ఎదుటివాళ్ళ చొక్కా నిర్ణయించకూడదు. కారు దిగినవాళ్ళకూ, బస్సు దిగి నడిచొచ్చినవాళ్ళకూ మొదటి మాట ఒకటే. ఆ తర్వాత ఎంత చనువు ఉండాలో కస్టమర్ తేలుస్తారు.

మొదటి మెట్టు: "మీరు" దగ్గర నిలబడండి

అందరికీ "మీరు". పద్దెనిమిదేళ్ళ డిగ్రీ కుర్రాడికీ, కూలికి పోయే ఆమెకూ, మిర్యాలగూడ మిల్లు ఓనర్‌కూ. ఇందులో బేరం లేదు.

ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మర్యాద క్రియలో ఉంటుంది. మన దగ్గర బాగా వినిపించే వాక్యం ఒకటుంది: "సార్, నువ్వు ఆ రసీదు తీస్కరా సార్." రెండు సార్లు సార్ అన్నాడు, అయినా "తీస్కరా" దగ్గర అంతా కారిపోయింది. చివర్లో సార్ తగిలిస్తే నువ్వు మీరు అయిపోదు. సార్ లేకుండా "ఆ రసీదు తీసుకురండి" అన్నా సరిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళకు ముందు నేర్పాల్సింది ఈ క్రియలే: చెప్పండి, ఆగండి, చూడండి, తీసుకురండి, సంతకం పెట్టండి. మన యాసలో చెప్పున్రి, ఆగున్రి, కూసోన్రి. మర్యాదలో వీటికీ వాటికీ తేడా లేదు. "కూసోన్రి పెద్దాయనా" అంటే తక్కువ చేసినట్టని ఎవరైనా ట్రైనర్ చెబితే, ఆ ట్రైనర్‌ని ఒకరోజు బాదేపల్లి మార్కెట్ యార్డులో కూర్చోబెట్టండి.

దీనికి రెండో పక్క కూడా ఉంది. మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు చాలామంది అందర్నీ నువ్వు అనే పిలుస్తారు. కలెక్టరొచ్చినా "నువ్వే జెర చూడాలె సారూ" అంటారు. అందులో చులకన లేదు, అది వాళ్ళ మాట తీరు. ఆ నువ్వుకు మీరు నొచ్చుకోకూడదు. తిరిగి నువ్వు అనకూడదు. "నువ్వు జెప్పు బిడ్డా" అని అవతలివాళ్ళు అంటే "చెప్తానమ్మా, మీ బుక్కు నంబర్ చెప్పండి" అనాలి. పిలుపు దగ్గర కాస్త దగ్గరైనా, క్రియ దగ్గర మాత్రం మీరు కదలరు.

కస్టమర్ ఎదురుగా లేనప్పుడు కూడా ఇదే. "వాడు మళ్ళీ వచ్చిండు", "అది మొన్న కూడా గిట్లనే అన్నది" లాంటి మాటలు వెనక గదిలో మొదలై కౌంటర్ మీదికి వస్తాయి. మ్యూట్ నొక్కాననుకుని అన్న మాట రికార్డింగ్‌లో ఉంటుంది. "ఆయన వచ్చారు, ఆమె అడిగారు" అనడం అలవాటు చేయండి. కంప్యూటర్‌లో రాసే నోట్‌లోనూ అంతే. "కస్టమర్ లొల్లి పెడుతున్నాడు" అని రాస్తే తర్వాత ఆ కాల్ తీసుకునేవాళ్ళు కొట్లాటకు సిద్ధమై ఫోన్ ఎత్తుతారు. "మూడోసారి ఫోన్ చేయాల్సి వచ్చింది, కోపంగా ఉన్నారు" అని రాస్తే సంగతి అర్థమవుతుంది.

రెండో మెట్టు: పిలుపు ఎంచుకోండి

సార్, మేడం: ఫోన్‌లో ఎవరో తెలియనప్పుడు ఇవి చాలు. గ్రామాల్లో కూడా ఇవి ఇప్పుడు పరాయి మాటలు కావు. ప్రతి వాక్యానికీ తగిలించకండి. మొదట్లో ఒకసారి, మధ్యలో అవసరమైతే ఒకసారి, చివర ఒకసారి. అంతకు మించితే వినేవాళ్ళకు ఏదో అంటగట్టబోతున్నారనిపిస్తుంది.

అన్నా, అక్కా: కౌంటర్ దగ్గర, తెలిసిన ముఖాలతో బాగుంటాయి. ఫోన్‌లో మొదటి మాటగా వద్దు. వాళ్ళు మిమ్మల్ని "తమ్మీ" అన్నారా, అప్పుడు మీరు "అన్నా" అనొచ్చు. లోన్ బాకీ గురించి, కనెక్షన్ కట్ చేయడం గురించి మాట్లాడేటప్పుడు ఈ వరసలు అస్సలు వద్దు. "అన్నా, మీ కిస్తీ మూడు నెలల నుంచి లేదు" అంటే ఆ అన్నకు అది ఎగతాళిలా వినిపిస్తుంది. అక్కడ సార్ అనడమే గౌరవం.

అమ్మా: పెద్దవయసు ఆడవాళ్ళతో ఇంతకంటే మంచి పిలుపు లేదు. తన వయసే ఉన్న అమ్మాయితో కుర్రాడు మేడం అనాలి. "అవ్వా", "తాతా" అని మీరుగా అనకండి. జుట్టు నెరిసిన ప్రతి ఒక్కరూ తాత కారు. యాభై ఏళ్ళావిడను అవ్వా అన్న కుర్రాడికి ఆవిడ ఇచ్చే సమాధానం ట్రైనింగ్ కంటే బాగా పనిచేస్తుందనుకోండి. మగవాళ్ళకు "పెద్దాయనా" తగిన మాట.

సేటు: సూర్యాపేట, మిర్యాలగూడ బజార్లలో వ్యాపారులు ఒకరినొకరు అనుకుంటారు. మీ సంస్థ పేరు మీద మీరు అనకండి.

పటేలా, దొరా: వద్దు. ఊళ్ళో పెద్దాయన్ని ఇంకా పటేలా అని ప్రేమగానే పిలిచేవాళ్ళున్నారు, అది వాళ్ళిష్టం. కానీ ఇది 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన నేల. "బాంచెన్ దొరా" అనిపించుకున్న రోజులు చాలా కుటుంబాల్లో ఇంకా కథలుగా ఉన్నాయి. ఆఫీసు కౌంటర్ దగ్గర ఒకరిని దొరా అన్నారంటే, పక్కన వరుసలో నిలబడ్డ మిగతావాళ్ళందరికీ వాళ్ళు ఎవరో కూడా చెప్పినట్టే.

డియర్, బ్రో, బాస్, మామా: చర్చ అనవసరం.

మూడో మెట్టు: పేరు సరిగ్గా పట్టుకోండి

మర్యాద తప్పడం ఎక్కువగా జరిగేది ఇక్కడే, అదీ కంప్యూటర్ వల్ల. మన కాగితాల్లో ఇంటిపేరు ముందుంటుంది. చింతల మల్లయ్య అని రికార్డులో ఉంటే సాఫ్ట్‌వేర్ మొదటి మాట పట్టుకుని "డియర్ చింతల" అని మెసేజ్ పంపుతుంది. ఇంటిపేరుతో ఆయన్ని ఊళ్ళో ఎవరూ పిలవరు. "మల్లయ్య గారు" అనాలి. మెసేజ్‌లు వాటంతటవే పోయే చోట పేరు తీసేసి "నమస్కారం, మీ కనెక్షన్..." అని మొదలుపెట్టడం మేలు. తప్పు పేరు కంటే పేరు లేకపోవడమే నయం.

కొందరు ముస్లిం కస్టమర్ల రికార్డుల్లో "ఎండీ" అని ముందు ఉంటుంది. అది మహమ్మద్‌కు పొట్టి రూపం. "ఎండీ గారు" అని పిలవకండి, తర్వాత ఉన్న పేరు చూడండి. ఆడవాళ్ళ పేరు చివర బేగం ఉంటే "బేగం గారు" అనేకంటే మేడం అనడం తేలిక. ఏది పిలిచే పేరో తెలియకపోతే అడిగితే పోయేదేం లేదు: "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?"

కులం తోక పట్టుకుని పిలవడం ఇంకొక రోగం. కొందరికి "రెడ్డి గారు", "రావు గారు", మరొకరికి ఒట్టి "యాదయ్యా". పిలిచేవాళ్ళకు ఇది తెలియకుండానే జరిగిపోతుంది, వినేవాళ్ళకు మాత్రం వెంటనే తెలుస్తుంది. రెడ్డి గారికి గారు ఉంటే యాదయ్యకూ గారు ఉండాలి. అందరినీ అసలు పేరుతో, అందరికీ గారుతో. తండాల నుంచి వచ్చేవాళ్ళను ఒట్టి "నాయక్" అనడం కూడా ఇదే కోవ. "మీదే ఊరు?" అనడం మన దగ్గర ఆప్యాయత. "మీరెవరోళ్ళు?" అన్న ప్రశ్నకు సపోర్ట్ డెస్క్ మీద ఎప్పుడూ చోటు లేదు.

నాలుగో మెట్టు: ఎవరి పని అయితే వాళ్ళతోనే మాట్లాడండి

ఒక ఆడమనిషి ఫోన్ చేసి బిల్లు గురించి అడిగితే "మీ సార్ ఉన్నారా, ఫోన్ ఇవ్వండి" అనడం చాలామందికి అలవాటు. మర్యాదగానే అంటారు, కానీ అవమానం అక్కడే జరిగిపోతుంది. మహిళా సంఘాల్లో ఏళ్ళుగా బ్యాంకు లెక్కలు రాస్తున్న ఆడవాళ్ళు మన ప్రతి మండలంలో ఉన్నారు. వడ్డీ లెక్క మీకంటే వేగంగా చెప్పగలరు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ అనుమతి తప్పనిసరైతే ఆ సంగతే చెప్పండి: "ఈ మార్పు కోసం కనెక్షన్ పేరున్నవాళ్ళకు ఓటీపీ పోతుంది మేడం. మిగతా వివరం మీకే చెప్తాను."

ఇదే పొరపాటు తాతతో పాటు వచ్చిన మనవడి విషయంలోనూ జరుగుతుంది. పాస్‌బుక్కు తాతది, సంతకం తాతది, మాటలన్నీ మనవడితో. ముందు తాతను చూసి చెప్పండి. వినపడకపోతే మనవడు చెప్తాడు.

ఐదో మెట్టు: ఎదుటివాళ్ళ భాషలోకి కాస్త జరగండి

నల్గొండ కుర్రాడు ట్రైనింగ్ తర్వాత ప్రతి మాట చివరా "అండీ, అండీ" అనడం మొదలుపెడితే పక్కనున్నవాళ్ళకే నవ్వొస్తుంది. చెప్పండి, రండి అనడం వేరు, "అవునండీ, లేదండీ, అదేనండీ" అనడం వేరు. రెండోది తప్పేమీ కాదు, మన చెవికి అలవాటైన పద్ధతి కాదు, అంతే. "అవును సార్", "లేదమ్మా" అంటే సాఫీగా పోతుంది.

మహబూబ్‌నగర్, నల్గొండ పట్నాల్లో ఉర్దూలో మాట్లాడే కస్టమర్లు బాగా ఉంటారు. మీకు ఉర్దూ వస్తే "ఆప్" అనండి. ఇంట్లో, దోస్తులతో మాట్లాడే "తుమ్" కౌంటర్ దగ్గరికి రాకూడదు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం మాట్లాడేవాళ్ళు, అచ్చంపేట, దేవరకొండ తండాల్లో లంబాడీ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఆ భాష వచ్చినవాళ్ళు ఆఫీసులో ఒక్కరున్నా వాళ్ళ పేరు డెస్క్ మీద రాసి పెట్టండి. భాష రాకపోతే తెలుగు నెమ్మదిగా మాట్లాడండి, గట్టిగా కాదు. అర్థం కాని మనిషితో గొంతు పెంచడం మన అందరికీ ఉన్న జబ్బు.

ఆరో మెట్టు: వాక్యం చూసుకోండి

మీరు, గారు అన్నీ ఉన్నా మాట గుచ్చుకోవచ్చు. ముఖ్యంగా నాలుగు చోట్ల.

తప్పు ఎత్తి చూపేటప్పుడు. "మీరే తప్పు నంబర్ కొట్టారు సార్" అనకండి. "నంబర్‌లో ఒక అంకె తేడా పడింది సార్, సరిచేద్దాం" అంటే పని అవుతుంది, పరువూ ఉంటుంది. అదే తప్పు మీ సంస్థదైతే ఇలా దాటేయకూడదు. "సిస్టమ్‌లో పొరపాటు జరిగింది" అని సిస్టమ్ మీదికి తోయకండి. "మా దగ్గర తప్పు జరిగింది" అనండి.

"మనం" వాడేటప్పుడు. "మనం ఈ నెల బిల్లు కట్టలేదు కదా సార్" అంటే డాక్టరు రోగితో మాట్లాడినట్టు, పంతులు పిల్లవాడిని అడిగినట్టు ఉంటుంది. కలిసి చేసే పనికే మనం: "మనం ఒకసారి రూటర్ ఆపి మళ్ళీ పెట్టి చూద్దాం." తప్పుల దగ్గర మనం వద్దు.

లేదు అని చెప్పేటప్పుడు. "కాదు", "రాదు", "మాకు తెల్వదు" అన్న ఒంటి మాటలు కౌంటర్ మీద రాయి విసిరినట్టే. కానీ మెత్తగా చెప్పే పేరుతో "చూద్దాం", "ప్రయత్నిస్తాం" అని అబద్ధం చెప్పడం ఇంకా చెడ్డది. పాలమూరు పల్లె నుంచి ఒక మనిషి కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని మళ్ళీ వస్తాడు. "ఇది ఇక్కడ కాదు పెద్దాయనా. మీరు తహసీల్ ఆఫీసుకే పోవాలి. ఈ కాగితం ఒక్కటి తీసుకుపోండి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మర్యాద.

మన్నించమని అడిగేటప్పుడు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నది రైల్వే స్టేషన్ మైకులో బాగుంటుంది. "సారీ సార్, రెండు రోజులు నెట్ లేక ఇబ్బంది పడ్డారు. రేపు పదిలోపు మనిషి వస్తాడు" అనండి. సారీ చాలు, దాని పక్కన రేపు ఏం జరుగుతుందో ఉండాలి.

ఇంకో చిన్న మాట. కస్టమర్ ముందు మీ మేనేజర్‌కు గౌరవం కురిపించకండి. "మా సార్ గారు బిజీగా ఉన్నారు" అంటే ఎదురుచూస్తున్న మనిషి పని లేక వచ్చినట్టు అవుతుంది. "మేనేజర్ వేరే పనిలో ఉన్నారు, అరగంట పడుతుంది, ఉంటారా?" అంటే సరిపోతుంది.

ఏడో మెట్టు: ఫోన్, వాట్సాప్, కాగితం

ఫోన్‌లో మీరే చేసే కాల్ అయితే ఒక సమస్య ఉంది. ఓటీపీ దొంగలు చాలా మర్యాదగా మాట్లాడతారు. "సార్, నమస్తే సార్, బ్యాంకు నుంచి సార్" అని వాళ్ళు మొదలుపెట్టీ పెట్టీ, మర్యాదగా మాట్లాడే కొత్త గొంతు అంటేనే జనానికి భయం పట్టుకుంది. అందుకే పొగడ్తలు తగ్గించి, వివరం పెంచండి: మీ పేరు, సంస్థ పేరు, బ్రాంచి ఏ ఊళ్ళో, ఎందుకు చేశారు. మీరు చేసిన కాల్‌లో ఓటీపీ అడగకండి. "నమ్మకం లేకపోతే పెట్టేసి, మా బ్రాంచికే ఫోన్ చేయండి" అని మీరే అనండి. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల సేవా కాల్స్ కోసం 1600తో మొదలయ్యే నంబర్లు, ప్రచారం కాల్స్ కోసం 140తో మొదలయ్యేవి ఉన్నాయని అడిగినవాళ్ళకు చెప్పగలగాలి. మోసపోయామని ఎవరైనా మీకే ఫోన్ చేస్తే ముందు సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930 చెప్పండి, సానుభూతి తర్వాత.

బాకీ వసూలు కాల్స్ చేసేవాళ్ళు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం అప్పు తీసుకున్నవాళ్ళకు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో బ్యాంకులకు, ఫైనాన్స్ సంస్థలకు చెప్పింది. రాత్రి తొమ్మిదికి చేసి ఎన్ని సార్లు గారు అన్నా అది మర్యాద అనిపించుకోదు.

వాట్సాప్‌లో కస్టమర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాస్తారు, లేకపోతే వాయిస్ మెసేజ్ పెడతారు. మీరు తెలుగు లిపిలో, చిన్న వాక్యాల్లో జవాబివ్వండి. చదవడం రాదనిపిస్తే మీరూ వాయిసే పెట్టండి. యాస మాటలో బాగుంటుంది, రాతలో మాత్రం "చేస్తాం, పంపుతాం" అని రాయండి. రాసిన యాస చదివేవాళ్ళకు వెక్కిరింతలా కనిపించే ప్రమాదం ఉంది. దండం బొమ్మ ఒకటి చాలు. కోపంగా ఉన్న మనిషికి నవ్వు బొమ్మ పెట్టకండి.

ఉత్తరం, నోటీసు అయితే "గారికి" అని మొదలుపెట్టి నేరుగా విషయంలోకి రండి.

ఎనిమిదో మెట్టు: తిట్టినప్పుడు

"రేయ్, ఎవడ్రా నువ్వు, మీ ఓనర్‌ని పిలువు" అని కాల్ వస్తుంది. తప్పక వస్తుంది. మొదటి నిమిషం మాట్లాడనివ్వండి. మధ్యలో "చెప్పండి సార్, రాసుకుంటున్నాను" అని మాత్రం అనండి, నిజంగానే రాసుకోండి. తర్వాత వాళ్ళు చెప్పింది రెండు వాక్యాల్లో తిరిగి చెప్పండి. చాలామంది అక్కడ చల్లబడతారు, ఎందుకంటే అంతకుముందు ముగ్గురు వినకుండా పెట్టేసి ఉంటారు.

విసుగుతో అన్న మాట వేరు, బూతు వేరు. ఆడపిల్లలు ఫోన్ ఎత్తినప్పుడు అవతలివాళ్ళు "బిడ్డా" అంటే అది ఆప్యాయత. "నీ పర్సనల్ నంబర్ ఇయ్యి" అంటే అది వేరే సంగతి. ఇలాంటప్పుడు సిబ్బంది ఏం చేయాలో యజమాని ముందే రాసి ఇవ్వాలి: ఒకసారి హెచ్చరిక, రెండోసారి అంటే "కాల్ ఇక్కడ ఆపుతున్నాను సార్, మా మేనేజర్ మీకు ఫోన్ చేస్తారు" అని చెప్పి పెట్టేయడం. అప్పుడు కూడా "మీరు", "సార్" అనే పిలుపు తప్పకూడదు. ఇలా పెట్టేసినందుకు జీతం కోసే యజమాని దగ్గర మర్యాద ఎక్కువ రోజులు నిలవదు.

తొమ్మిదో మెట్టు: నేర్పడం

పెద్ద పుస్తకం అక్కర్లేదు. ఒక్క కాగితం మీద మీ ఆఫీసులో రోజూ వచ్చే పది సందర్భాలు, వాటికి మీ మాటల్లోనే పది వాక్యాలు రాసి గోడకు అంటించండి. వాక్యాలు యజమాని రాయకూడదు, అందరికంటే బాగా మాట్లాడే సిబ్బంది చేత రాయించాలి. బట్టీ పట్టించకండి, బట్టీ పట్టిన మాట మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది.

కాల్స్ రికార్డు చేస్తుంటే వారానికి కొన్ని కలిసి వినండి. వినేటప్పుడు ఒకే ఒక్క పని: క్రియలు పట్టుకోవడం. ఎక్కడ "చెప్పండి" కాస్తా "చెప్పు" అయింది? సాధారణంగా కాల్ పొడుగైనప్పుడు, భోజనం టైం దగ్గర పడ్డప్పుడు, కస్టమర్ రెండోసారి అదే అడిగినప్పుడు జారుతుంది. తప్పు చెప్పేది కాల్ అయ్యాక, పక్కకు పిలిచి చెప్పండి. కస్టమర్ ముందు సిబ్బందిని తిడితే కస్టమర్‌కే ఇబ్బంది.

కొత్తవాళ్ళకు మొదటి వారం ఫోన్ ఇవ్వకండి, కౌంటర్ దగ్గర పాతవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఎదురుగా ముఖం కనిపిస్తే ఏ మాటకు మనిషి ముడుచుకున్నాడో, ఏ మాటకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడో తెలుస్తుంది. ఆ వారంలోనే యజమాని కూడా ఒకటి మానుకోవాలి. వెనక గదిలోంచి "రేయ్, ఆ ఫైల్ పట్రా" అని కేక వేస్తే ఆ కుర్రాడి నోట్లోకి అదే వస్తుంది. ఆ కుర్రాడిని కూడా పేరుతో పిలిచి "ఆ ఫైల్ తీసుకురండి" అనండి. మొదట్లో ఇద్దరికీ నవ్వొస్తుంది, నాలుగు రోజులకు అలవాటవుతుంది.